శతఘ్నిదళ సేనాని కుమారమంగళం

గెలిచిన యుద్ధమున లభించు పతకమును లోకము సులభముగ గుర్తించును. ఓడిన రణరంగమున లభించిన పతకము వెనుక ఎంతటి ధైర్యము దాగియుండునో జనరల్ పి. పి. కుమారమంగళం చరిత్ర తెలుపుచున్నది.

ఆయన 1913లో జన్మించెను. తండ్రి డాక్టరు పి. సుబ్బరాయన్, ఆంధ్ర జిల్లాలు కూడ చేరియుండిన మద్రాసు రాజధానికి 1926 నుండి 1930 వరకు ముఖ్యమంత్రి. కుమారమంగళం ఈటన్‌లోను, వూలిచ్ సైనిక విద్యాలయమునందును చదివి, 1933లో సైన్యాధికారి అయ్యెను.

1942 మే 27వ తేదీ ఉదయమున, లిబియా ఎడారిలో బీర్ హకీమ్ సమీపమున నిలిచిన భారత 3వ మోటారు బ్రిగేడుపై ఇటాలియను టాంకులు విరుచుకుపడినవి. బ్రిగేడుకు టాంకులు లేవు; ఎడారిలో చాటు లేదు. 2వ ఫీల్డు రెజిమెంటునందలి ఒక బాటరీకి కుమారమంగళం నాయకుడు. దూరలక్ష్యములపై 25 పౌన్ల గుండ్లు విసరుటకై ఏర్పడిన ఫిరంగులను ఎదుటికి వచ్చు టాంకులపై నేరుగ గురిపెట్టవలసి వచ్చెను. శత్రు టాంకులు పెక్కు ధ్వంసమైనను బ్రిగేడు నిలువలేకపోయెను. ఆనాటి పోరాటమునకే ఆయనకు డిస్టింగ్విష్డ్ సర్వీసు ఆర్డరు లభించినది.

పిమ్మట ఆయన బందీ అయ్యెను. 1943లో ఇటలీ చెరనుండి తప్పించుకొనియు మరల చిక్కి, జర్మనుల స్టాలాగ్ లుఫ్ట్ 3 శిబిరమునకు చేరెను. యుద్ధానంతరము ఎం. బి. ఇ. గౌరవము కూడ లభించినది.

అట్లు ఫిరంగులను కోల్పోయి, చెరయందు మ్రగ్గిన ఆ అధికారియే 1966 జూన్ 8న స్వతంత్ర భారత సేనకు అధిపతి అయ్యెను. 1969 వరకు ఆ పదవిని నిర్వహించి, 1970లో పద్మవిభూషణ పురస్కారమును పొంది, 2000లో దివంగతుడయ్యెను. పరాజయము యోధుని పరీక్షించునే కాని అతని విలువను నిర్ణయింపజాలదు.