పలక నుంచి ఫోన్ దాకా: మన ప్రాథమిక తరగతి గదిలో యాభై ఏళ్ల ప్రయాణం

మన పూర్వ విద్యార్థుల సంఘం యాభై ఏళ్లు పూర్తి చేసుకుంటున్న ఈ శుభ సందర్భంలో, స్వర్ణోత్సవ నిధితో ఊళ్లోని ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఏదైనా చేయాలని కమిటీ తలపెట్టడం ఎంతో సంతోషం. పెద్ద తెర కొందామని కొందరు, పిల్లలకు ట్యాబ్‌లు ఇద్దామని విదేశాల్లో ఉన్న మిత్రులు కొందరు సూచించారు. అందరి ఉద్దేశమూ మంచిదే. నేను ముప్పై ఏడేళ్లు హుజూర్‌నగర్ చుట్టుపక్కల పల్లెల్లో సెకండరీ గ్రేడ్ టీచర్‌గా పనిచేశాను. ఈ యాభై ఏళ్లలో చిన్న తరగతుల్లోకి ఏ యంత్రాలు వచ్చాయో, వాటిలో ఏవి పిల్లలకు పనికొచ్చాయో నాలుగు మాటలు చెబితే మన నిర్ణయానికి సాయపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇప్పుడు దీన్ని బ్లెండెడ్ లెర్నింగ్ అంటున్నారు. కొంత పాఠం టీచరు ఎదురుగా, కొంత పాఠం తెర మీద లేదా ఫోన్‌లో, రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి సాగడం దీని అర్థం. పేరు కొత్తదే కానీ పని మాత్రం మన సంఘం వయసంత పాతది.

1975 ఆగస్టు 1న మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం మొదలైంది. అప్పుడు నేను ఐదో తరగతి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకు ఏడాదిపాటు ఇచ్చింది. గ్రామాల్లో టీవీలు పెట్టి నడిపించే బాధ్యతను ఇస్రో తీసుకుంది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 గ్రామాలను ఎంచుకున్నారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల దొడ్లకు కట్టే జాలీ తీగతో చేసిన పెద్ద గొడుగు లాంటి యాంటెన్నాలు బడుల మీద, పంచాయతీ ఇళ్ల మీద లేచాయి. ఉదయం పూట బడి పిల్లలకు హిందీ, తెలుగు, కన్నడ, ఒరియా భాషల్లో ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాల పాఠం వచ్చేది. మా బడికి ఆ పెట్టె రాలేదు. మాకు పలక, బలపం, సారు చేతి బెత్తం, అంతే. కానీ మన తెలుగు పల్లె పిల్లలు టీవీ పాఠం చూడటం ఆ ఏడాదే మొదలైంది.

‘సైట్’ అనగానే అందరూ టీవీ గురించే చెప్తారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది ఉపాధ్యాయుల శిక్షణ. ఆ ఏడాదిలో రెండు విడతలుగా దాదాపు యాభై వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు ఎలా చెప్పాలో నేర్పారు. టీవీలో ఒక పాఠం, రేడియోలో ఒక పాఠం, చేతిలో అచ్చు పుస్తకం, ఆ తర్వాత స్థానిక వనరులతో చేసే ప్రయోగాలు, సందేహాలు తీర్చడానికి పక్కన ఒక మార్గదర్శకుడు. ఇవన్నీ ఒకే పొత్తంగా ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు తయారుచేశారు. టీవీ చూపించి ఇంటికి పంపేయలేదు. చూసిందాన్ని చేతితో చేయించారు. ఈనాటి బ్లెండెడ్ లెర్నింగ్‌కు అసలు నమూనా నా దృష్టిలో ఇదే. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం తిరిగి వాళ్ల పనికి వెళ్లిపోయింది.

1983లో మన సొంత ఇన్సాట్-1బి పైకి వెళ్లాక బడి పిల్లల కార్యక్రమాలు మళ్లీ మొదలయ్యాయి. వాటిని తయారుచేయడానికి హైదరాబాద్‌లో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ ఏర్పడింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నది దాని లక్ష్యం. ఆ రోజుల్లోనే మరో పథకం కింద ప్రాథమిక బడులకు రేడియో కమ్ క్యాసెట్ ప్లేయర్లు ఇచ్చారు.

నేను ఉద్యోగంలో చేరింది సరిగ్గా ఆ కాలంలోనే. సాగర్ ఎడమ కాలువ కింది ఒక పల్లె. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. నాట్ల సమయంలో, కోతల సమయంలో సగం మంది పిల్లలు పొలంలోనే ఉండేవారు. అలాంటి బడిలో రేడియో విలువ పట్నం వాళ్లకు అర్థం కాదు. మూడో తరగతి పిల్లలు రేడియో చుట్టూ కూర్చుంటే, ఆ అరగంటలో ఒకటో తరగతి పిల్లల చేయి పట్టుకుని అక్షరం దిద్దించే వీలు నాకు దొరికేది. యంత్రం నా పని తీసేసుకోలేదు, నా పనికి సమయం ఇచ్చింది. బ్లెండెడ్ అన్న మాట నేను అప్పటికి వినలేదు గానీ చేసింది మాత్రం అదే.

తర్వాత సర్వశిక్షా అభియాన్ రోజుల్లో ఆకాశవాణిలో ‘విందాం నేర్చుకుందాం’ వచ్చింది. మన వయసు టీచర్లందరికీ గుర్తుండే ఉంటుంది. అందులో ప్రశ్న అడిగి కాసేపు ఆగేవారు. ఆ విరామంలో పిల్లలు జవాబు చెప్పాలి, లేచి నిలబడాలి, పాట పాడాలి. పాఠానికి ముందు ఏ వస్తువులు సిద్ధం చేసుకోవాలో, తర్వాత ఏం చేయించాలో టీచరుకు ముందే తెలిసేది. చింతగింజలు, పుల్లలు కుప్పపోసుకుని లెక్కల పాఠం వినేవాళ్లం. ముందు పని చేసుకున్న రోజు పాఠం నిలిచేది. కాంప్లెక్స్ మీటింగ్ ఉండి టీచరు లేని రోజున అదే పాఠం పిల్లలకు ఉత్త పాటల కార్యక్రమంగా మిగిలేది.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువు కోసమే ప్రత్యేకంగా ఎడ్యుశాట్‌ను ప్రయోగించారు. అప్పటి ‘మన టీవీ’, రాష్ట్రం వచ్చాక 2017లో ‘టీ-శాట్’ ఛానెళ్లు మనకు తెలిసినవే. అదే ఏడాది కేంద్రం ‘దీక్ష’ మొదలుపెట్టింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. ఫోన్ చూపిస్తే పాఠం కదిలే బొమ్మై కనబడుతుంది. పుస్తకానికీ తెరకూ నేరుగా ముడి పడటం అదే మొదటిసారి.

ఇక 2020. మార్చి 16న బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో మూడు నుంచి పదో తరగతి దాకా పాఠాలు మొదలయ్యాయి. మేం వర్క్‌షీట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. అప్పటికి హుజూర్‌నగర్ నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లాకు మారి నాలుగేళ్లు. ఊళ్లో టీవీలకు కొరత లేదు, కొరతంతా పక్కన కూర్చునే మనిషికే. నాలుగో తరగతి చదివే ఒక పాప వాళ్లమ్మ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “ఫోను వాళ్ల నాయన పట్టుకపోతడు సారూ. రాత్రి ఎనిమిదింటికి గాని రాడు. టీవీల జెప్పేది దానికి సమజైతదో కాదో నాకేం ఎరుక? నాకు చదువు రాదు గదా.” ఆ తల్లి పొద్దున్నే కూలికి పోవాలి. తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో పని. పాఠం టైముకు వస్తూనే ఉంది, ‘ఇది తప్పమ్మా, ఇలా రాయి’ అని చెప్పే వాళ్లే లేరు.

పై తరగతుల వాళ్లకు 2021 ఫిబ్రవరిలో కొన్నాళ్లు బడి తెరిచినా, ఐదో తరగతి లోపు పిల్లలు తిరిగి గదిలో కూర్చున్నది 2021 సెప్టెంబరు 1నే. అంటే పదిహేడు నెలలు పైనే. దాని ఫలితం ‘అసర్’ సర్వేలో కనబడింది. రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు దేశంలో 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5 శాతానికి తగ్గారు. మన తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి పడిపోయారు. వందలో ఐదుగురు! ఆ లోటు పూడ్చడానికే 2022 ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ మొదలైంది. పిల్లవాడు ఏ తరగతి అని కాక, ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడి నుంచి చదువు చెప్పడం దాని పద్ధతి. ఆ పని చేసింది టీచర్లే, కార్డులు, చార్టులు, కథల పుస్తకాలు చేతబట్టుకుని.

యంత్రాలు వద్దని నేను ఈ మాటలు చెప్పడం లేదు. అమెరికా విద్యాశాఖ 2010లో అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ఉత్త తరగతి బోధన కంటే తెర, టీచరు కలిసిన చదువు కొంత మెరుగని తేల్చింది. అయితే ఆ మెరుగు తెర వల్లనే అనలేమని, అలా చదివినవాళ్లకు అదనపు సమయం, అదనపు సామగ్రి కూడా దొరికాయని అదే నివేదిక చెప్పింది. పైగా అందులో బడి పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చాలా తక్కువ. పెద్దవాళ్లు తమంతట తాము చదువుకుంటారు. ఏడేళ్ల పిల్లవాడికి పక్కన మనిషి కావాలి.

కాబట్టి కమిటీ పెద్దలకు, విదేశాల్లోని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి ఇది. తెర కొందాం. కానీ కొనే ముందు ఆ బడి టీచర్లతో కూర్చుని, ఏ తరగతికి, ఏ పీరియడ్‌లో, ఏ పాఠానికి వాడతారో రాయించుకుందాం. ప్రభుత్వం ఇప్పటికే తెర ఇచ్చి ఉంటే మళ్లీ అదే కొనొద్దు. చెడిపోతే బాగుచేయించడానికి ఏటా కొంత సొమ్ము పక్కన పెడదాం. యంత్రానికి ఎంత పెడతామో, కనీసం అంతే మనిషికి పెడదాం. సాయంత్రం ఒక గంట వెనకబడిన పిల్లలతో కూర్చునే విద్యా వాలంటీరును, మన ఊరి డిగ్రీ చదివిన ఆడపిల్లల్లో నుంచి ఒకరిని, పెట్టుకుందాం. పిల్లలు ఇంటికి పట్టుకెళ్లే కథల పుస్తకాలు రెండు వందలు కొందాం. మనలో రిటైరైన టీచర్లం వారానికి రెండు రోజులు వంతులు వేసుకుంటాం. మొదటి వంతు నాది.

ఏడాది తిరిగాక తెర ఎన్ని గంటలు వెలిగిందని ఎవరూ లెక్క అడగొద్దు. మూడో తరగతిలో ఎంతమంది కథ తడబడకుండా చదువుతున్నారో వెళ్లి విందాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదనను చర్చకు పెట్టాలని సవినయంగా కోరుతున్నాను.