సుగ్గికాలం, పసిమనసు: డోన్ పరిసరాల్లో నివారణ విధానం ఎక్కడ మొదలవ్వాలి?

గుంతకల్లు నుంచి గుంటూరు వెళ్లే రైలుమార్గం డోన్ జంక్షన్ మీదుగా సాగుతుంది. వానాకాలపు పంట చేతికందక, అందినా అప్పు తీరక, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల కుటుంబాలు ఏటా సుగ్గికి, అంటే పంట కోతల వలస కూలికి, కదులుతాయి. కొందరు రైల్లో, కొందరు లారీల్లో పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు పోతారు. బియ్యం మూట, వంట గిన్నెలు, దుప్పట్ల పక్కన బడి మానేసిన పిల్లలు కూడా ఉంటారు. ఊళ్లో మిగిలినవాళ్లు అవ్వాతాతల దగ్గర నెలల తరబడి అమ్మానాన్నల కోసం ఎదురుచూస్తారు. పిల్లల మానసిక ఆరోగ్యం గురించి ఈ ప్రాంతంలో మాట్లాడాలంటే ఆసుపత్రి కంటే ముందు ఈ ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. నలభై మంది ఉన్న తరగతిలో ముగ్గురన్నమాట. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. కరువు సీమ పిల్లల పరిస్థితి ఆ సగటులో ఎంతవరకు కనబడుతుందో ఆలోచించాల్సిందే.

వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తున్నాయి. వీటిని హాజరు పడిపోకుండా చూసే ఏర్పాటుగానే అధికారులు చూస్తారు. నిజానికి పూట పూటకూ అన్నం, తోటి పిల్లలు, రోజూ పలకరించే పెద్దమనిషి అనే మూడూ ఒక్కచోట దొరికే మానసిక రక్షణ ఇదే. అందుకే హాస్టల్ తెరిచే తేదీకి ఇంత ప్రాముఖ్యం. తల్లిదండ్రులు ఊరు విడిచాక తలుపు తీస్తే, అప్పటికే కొందరు పిల్లలు మిరప చేలల్లో ఉంటారు. మానసిక ఆరోగ్య నిధుల్లోంచి ఒక్క రూపాయి అదనంగా ఖర్చు కాకుండా జిల్లా యంత్రాంగం చేయగలిగిన నివారణ, హాస్టళ్లను ముందే తెరవడం.

ఇక బడిలో ఎవరు వినాలి? 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు ఆ బాధ్యత అప్పగించింది. ఆలోచన మంచిదే. కానీ బిహార్‌లోని నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో జరిగిన ‘సెహర్’ పరిశోధన ఫలితం మనల్ని ఆపి ఆలోచింపజేస్తుంది. విక్రమ్ పటేల్, సచిన్ షిండే తదితరులు 2018లో లాన్సెట్ పత్రికలో దాన్ని ప్రచురించారు. కొన్ని బడుల్లో ఉపాధ్యాయుడు, మరికొన్నింటిలో శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్ ఒకే కార్యక్రమాన్ని నడిపారు. పిల్లలు పేరు రాయకుండా తమ గోడు రాసి వేసే పెట్టె, గోడపత్రిక, ఒక్కొక్కరితో విడిగా మాటామంతీ అందులో భాగాలు. కౌన్సెలర్ ఉన్నచోట కుంగుబాటు లక్షణాలు, వేధింపులు, కొట్లాటలు తగ్గాయి. ఉపాధ్యాయుడికి అప్పగించిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మార్కులు వేసే మనిషికే మనసు విప్పి చెప్పడం పిల్లలకు కష్టం. పాఠాలు, ఆన్‌లైన్ నమోదులు, మధ్యాహ్న భోజనం లెక్కలతో సతమతమయ్యే ఉపాధ్యాయుడికి వినే తీరికా ఉండదు. డోన్, ప్యాపిలి, బేతంచెర్లల్లో డిగ్రీ చదివిన స్థానిక యువతీయువకులకు ఈ పని నేర్పవచ్చు. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ కూలి బిడ్డ యాస, ఇంటి సంగతి వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

బడి బెత్తం సంగతి కూడా ఇందులో భాగమే. పిల్లల జీవితాలపై సాగిన, కడప, అనంతపురం జిల్లాల పిల్లలు కూడా ఉన్న ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో, 2009 విడతలో, ఎనిమిదేళ్ల పిల్లల్లో నూటికి 75 మందికి పైగా అంతకుముందు వారంలో దెబ్బలు తిన్నామన్నారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది.

ఆడపిల్లలకు మరో గండం పెళ్లి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. సుగ్గికి పోయే తల్లిదండ్రులు ఈడొచ్చిన పిల్లను ఒంటరిగా వదల్లేక తొందరపడతారు. వాళ్ల భయం నిజమైనదే. ఉపన్యాసం దాన్ని తీర్చదు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో (కేజీబీవీ) ఒక సీటు తీర్చగలదు.

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం విషయంలో జిల్లాలకు బాధ్యత పెట్టింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉండగా మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది చదివే సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ పనిచేయాలి. ఇక్కడ ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ నుంచి డోన్ నంద్యాల జిల్లాలో ఉంది. వలస మండలాలు కర్నూలులో, పని దొరికే ఊళ్లు గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఉన్నాయి. ప్రతి కమిటీ తన హద్దులోని బడులనే చూసుకుంటే, డిసెంబరులో కోసిగి హాజరుపట్టీలోంచి జారిపోయిన పిల్లవాడు ఏ జిల్లా లెక్కలోకీ రాడు. హాజరుపట్టీ వివరాలతోపాటు పిల్లవాడికి కావలసిన సాయం గురించిన చీటీ కూడా ఈ జిల్లాల మధ్య నడవాలి.

అప్పటికీ వైద్యుడు అవసరమయ్యే పిల్లలు కొందరుంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి మానసిక వైద్యులు వారానికో నిర్ణీత రోజున డోన్ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చి కూర్చుంటే, కర్నూలు పెద్దాసుపత్రి దాకా వెళ్లి రావడానికి ఒకరోజు కూలి పోగొట్టుకోవాల్సిన అవసరం చాలా ఇళ్లకు తప్పుతుంది.