విస్పర్డ్ ఆ

విస్పర్డ్ ఆ అనేది గాయకులు, వాద్యకారులు, నటులు శరీరంలోని బిగువును సడలించుకోవడానికి చేసే ఒక శ్వాస అభ్యాసం. గుసగుసగా "ఆ" అంటూ గాలిని విడవడం వలన దీనికి ఈ పేరు వచ్చింది. ఇది అలెగ్జాండర్ పద్ధతిలో ఒక భాగం.

చరిత్ర

ఈ పద్ధతిని రూపొందించిన ఫ్రెడరిక్ మథియాస్ అలెగ్జాండర్ (1869 - 1955) ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో జన్మించాడు. రంగస్థలంపై నాటక భాగాలను పఠించడం ఇతని వృత్తి. ప్రదర్శనలో తరచూ గొంతు బొంగురుపోయేది. వైద్యుని సలహాపై విశ్రాంతి తీసుకున్నప్పుడు నయమైనా, వేదిక ఎక్కగానే సమస్య తిరిగి వచ్చేది. లోపం తాను పఠించే తీరులోనే ఉన్నదని భావించి అద్దం ముందు తనను తాను పరిశీలించుకున్నాడు. తలను వెనుకకు లాగడం, స్వరపేటికను క్రిందికి అణచడం, నోటితో శబ్దం వచ్చేలా గాలి పీల్చడం అనే అలవాట్లను గుర్తించాడు. 1904లో లండన్ చేరి ఈ పద్ధతిని బోధించాడు. తన అనుభవాన్ని "ది యూజ్ ఆఫ్ ది సెల్ఫ్" (1932) గ్రంథంలో వివరించాడు.

అభ్యాస విధానం

* మెడను బిగించకుండా నిటారుగా కూర్చోవాలి లేదా నిలబడాలి.
* నాలుక కొనను క్రింది పళ్ళకు తేలికగా ఆనించాలి.
* ఏదైనా నవ్వు పుట్టించే విషయాన్ని తలచుకోవాలి. దీనివలన పెదవులు, ముఖ కండరాలు సడలుతాయి.
* తలను వెనుకకు వంచకుండా దవడను వదిలి, గుసగుసగా "ఆ" అంటూ గాలిని విడవాలి.
* ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా నెట్టకుండా నోరు మూసి, ముక్కు ద్వారా గాలిని దానంతట అదే రానివ్వాలి.

కర్ణాటక సంగీతంలో అకారంతో చేసే సాధనకు, దీనికి భేదం కలదు. అకార సాధనలో నాదం పలుకుతుంది. ఇందులో స్వరతంత్రులు నాదాన్ని పలికించవు.

ప్రయోజనాలు

కష్టమైన సంగతులు వచ్చినప్పుడు వయొలిన్ వంటి వాద్యాలు వాయించేవారు కూడా తెలియకుండానే ఊపిరి బిగబడతారు. దానితో భుజాలు, చేతులు బిగుసుకుంటాయి. నిదానంగా గాలి విడిచేటప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది. ఎక్కువ గాలి పీల్చడం కంటే, విడవడంపై దృష్టి పెట్టడమే ఈ అభ్యాసంలోని ముఖ్య సూత్రం.

సంగీతకారులపై అలెగ్జాండర్ పద్ధతి ప్రభావం గురించి 2014లో వెలువడిన ఒక సమీక్ష, వేదికపై కలిగే ఆందోళన తగ్గడానికి కొంత ఆధారమున్నదని, శ్వాస సామర్థ్యం పెరుగుతుందనుటకు స్పష్టమైన ఆధారం లేదని పేర్కొన్నది.

జాగ్రత్తలు

బలవంతంగా గుసగుసలాడితే గొంతుపై ఒత్తిడి పడుతుంది. తల తిరిగినట్లనిపిస్తే అభ్యాసాన్ని ఆపివేయాలి. బొంగురు వారాల తరబడి తగ్గనప్పుడు వైద్యుని సంప్రదించాలి. ఈ అభ్యాసం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.