సుశ్రుతుని యోగ్యావిధి – రక్తస్రావ నివారణ

సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని 9వ అధ్యాయానికి ‘యోగ్యాసూత్రీయం’ అని పేరు. తెలుగులో యోగ్యుడంటే అర్హుడు. ఇక్కడ ‘యోగ్య’ అంటే చేతితో చేసే అభ్యాసం. శాస్త్రమంతా చదివిన శిష్యుడు సైతం ఈ అభ్యాసం లేనిదే చికిత్సకు పనికిరాడని గ్రంథకర్త నిర్ణయం.

గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయలపై ఛేదనం, నీరూ బురదా నింపిన తోలుతిత్తులపై భేదనం, బట్ట అంచులపై కుట్లు – ఇవి తరచు ప్రస్తావనకు వచ్చేవే. అంతగా ఎవరూ పట్టించుకోనివి రెండున్నాయి. మృతపశువుల సిరలను, కలువకాడలను గుచ్చి సిరావేధం నేర్వాలి. మెత్తని మాంసఖండాలపై అగ్నికర్మ నేర్వాలి. వీటి అవసరం 14వ అధ్యాయం చదివితేగాని బోధపడదు.

ఆనాటి వైద్యుడు చికిత్సలో భాగంగా సిరను తెరచి రక్తం తీసేవాడు. తెలియనివాడు గుచ్చినా, మరీ లోతుగా గుచ్చినా, తీవ్రమైన వేడిమిలో గుచ్చినా నెత్తురు ఆగదని, అంధత్వం, ఆక్షేపకం, పక్షవాతం, కడకు మరణం సంభవించవచ్చునని ఆ అధ్యాయం హెచ్చరిస్తుంది. ప్రాణాపాయం శత్రువు బాణం వల్లనే కాక వైద్యుని చేతి వల్ల కూడా కలుగుతుందన్నమాట. దీనిని దాచకుండా శిష్యునికి చెప్పడమే ఈ గ్రంథంలో అన్నిటికంటె విలువైనదని నాకు తోస్తుంది.

అట్టి సమయంలో లొద్దుగ, జేగురు, గుగ్గిలం మొదలైన చూర్ణాలను గాయం నోట మెల్లమెల్లగా చల్లి, వ్రేలికొనతో అదిమి, గట్టిగా కట్టు కట్టమన్నారు. నివారణోపాయాలకు ఒక క్రమం కూడ ఉంది. చలువతో రక్తాన్ని గడ్డకట్టించడం స్కందనం. అది ఫలించకుంటే వగరు ద్రవ్యాలతో గాయాన్ని కూర్చే సంధానం, అదీ తప్పితే భస్మంతో పాచనం. మూడూ విఫలమైన పిదపనే దహనం, అనగా సిరను కాల్చి ముడుచుకొనేట్లు చేయడం. ప్రాణం పోతున్న వేళ ఆ నిప్పును పట్టవలసిన చేయి అంతకుముందే మాంసఖండంపై దాని వేడిని ఎరిగి ఉండాలి.

పోయిన నెత్తురుకు బదులు జింక, గొర్రె, కుందేలు రక్తం త్రాగించమన్న సలహాను నేడెవరూ పాటించరు. వ్రేలి ఒత్తిడి మాత్రం ప్రథమ చికిత్సలో ఇప్పటికీ మొదటి మెట్టే. అయితే ఈ అభ్యాసంలో ఒక లోపం మిగిలింది: కలువకాడ నుండి నెత్తురు చిమ్మదు. నీటితో నిండిన తోలుతిత్తి కొంత దగ్గరకు వచ్చి ఆగిపోయింది. ఇటీవలి కొన్ని శిక్షణలలో మృతదేహపు రక్తనాళాలలో ఎర్రని ద్రవాన్ని ఒత్తిడితో ప్రవహింపజేసి, చిమ్ముతున్న నాళాన్ని వెదకి పట్టడం యువ శస్త్రవైద్యులకు నేర్పుతున్నారు.