పీసీఓఎస్‌లో కొవ్వు కణజాలం: ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు

నెలసరి తప్పుతోందని, గడ్డం మీద రోమాలు వస్తున్నాయని డాక్టరు దగ్గరకు వెళ్లిన అమ్మాయికి తరచుగా వినబడే మాట, బరువు తగ్గమని. సలహా మంచిదే. అధిక బరువు ఉన్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి మేలు కనిపిస్తుంది. అయితే ఈ లక్షణాలకు తరచూ కారణమయ్యే పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనే హార్మోన్ల సమస్య సన్నగా ఉన్నవారికీ వస్తోంది. అందుకే కొవ్వు ఎలా పనిచేస్తోందో కూడా చూడాలి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో వయసు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చెప్పే సూచిక) సరిపోలిన, పీసీఓఎస్ ఉన్న, లేని స్త్రీలను పోల్చారు. పీసీఓఎస్ ఉన్నవారి కొవ్వు కణాలు పెద్దవిగా ఉన్నాయి. ఇన్సులిన్ పనికి తోడ్పడే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ వారి రక్తంలో తక్కువగా ఉంది. ఇన్సులిన్ నిరోధకతతో, అంటే శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడంతో, గట్టిగా ముడిపడినవి ఈ రెండూ, నడుము చుట్టుకొలతా. రక్తంలోని సెక్స్ హార్మోన్లకు అంత బలమైన సంబంధం కనబడలేదు. నా దృష్టిలో ఇది చాలా విలువైన ఫలితం. కానీ ఒకేసారి తీసిన కొలతలను బట్టి ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చలేం.

కొవ్వులో హార్మోన్లు తయారవుతాయి కూడా. అక్కడుండే ఏకేఆర్‌1సీ3 అనే ఎంజైము ఆండ్రోస్టెనిడయోన్‌ను టెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. ఇన్సులిన్ ఈ ఎంజైము పనిని పెంచుతుందని, ఆండ్రోజన్లు (టెస్టోస్టిరాన్ వంటి పురుష హార్మోన్లు) కొవ్వు కణాల్లో కొవ్వు నిల్వను పెంచుతాయని బర్మింగ్‌హామ్ బృందం 2017లో చూపింది. పైగా ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయాల్లో ఆండ్రోజన్ల తయారీ పెరుగుతుంది. అప్పుడే టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది. ఇదొక విషవలయం కావచ్చు. అది ఎక్కడ మొదలవుతుందో ఇంకా తేలలేదు.

జన్యు ఆధారాలు మాత్రం కొంత దారి చూపుతున్నాయి. బీఎంఐని పెంచే జన్యుభేదాలు పీసీఓఎస్ ముప్పునూ పెంచుతున్నాయి. పీసీఓఎస్ వల్లనే బరువు పెరుగుతుందనడానికి జన్యు అధ్యయనాల్లో అంతటి ఆధారం దొరకలేదు. ఈ సమాచారంలో ఎక్కువ భాగం ఐరోపా సంతతి వారిది కాబట్టి మనకు యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటే.

మన శరీరతత్వం వేరు. అదే బీఎంఐ ఉన్నా ఐరోపా వారికన్నా భారతీయుల ఒంట్లో కొవ్వు ఎక్కువని పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ పరిశోధనలు చెబుతున్నాయి. ఆసియా వారికి బీఎంఐ 23 నుంచే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. పీసీఓఎస్ ఉంటే బీఎంఐ ఎంతైనా షుగర్ ముప్పు ఎక్కువేనని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. కాబట్టి పీసీఓఎస్ అని తేలితే, సన్నగానే ఉన్నాం కదా అని షుగర్ పరీక్ష మానకండి.