విల్లు పోయింది, ఉలి మిగిలింది: నంద్యాల, ఆళ్లగడ్డ పనుల్లో యంత్రం

అమెరికా అంతర్యుద్ధం (1861–65) ప్రభావం నంద్యాల నల్లరేగడి దాకా వచ్చింది. దక్షిణాది రేవుల దిగ్బంధంతో పత్తి అందక లాంకషైర్ మిల్లులు భారతదేశం వైపు తిరిగాయి, ఇక్కడ ధర ఎగబాకింది. ఆ దశకంలోనే మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల ఆనకట్ట నుంచి కర్నూలు–కడప కాలువ తవ్వించింది. పొలాలకు నీళ్లు, సరుకుకు పడవలు అన్నది ఆలోచన. ఆశించిన ఆదాయం రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. 1880ల చివర్లో గుంతకల్లు నుంచి నల్లమల మీదుగా మీటర్ గేజి రైలు వచ్చింది. ఈ ప్రాంతపు పత్తికి ‘నార్తర్న్స్’ అన్న వ్యాపార నామం స్థిరపడింది. 1906లో నంద్యాలలో పెట్టిన వ్యవసాయ క్షేత్రం ఆ పత్తి మీదే ప్రధానంగా పనిచేసింది.

యంత్రం ఎవరి పని తీసుకుందన్నది అసలు ప్రశ్న. గింజ తీయడం ఒకప్పుడు ఇంటి పని, ఎక్కువగా ఆడవాళ్ల పని. ఆ పత్తిని నారి బిగించిన విల్లుతో ఏకి దూది చేయడం దూదేకులవారి కులవృత్తి. జిన్నింగ్ మిల్లు మొదటి పనిని, మిల్లు నూలు రెండో పనిని లాగేసుకున్నాయి. ఆ సామాజిక వర్గం పేరులో వృత్తి ఇంకా ఉంది, చేతిలో లేదు. గింజ తీసే యంత్రమైన 1793 నాటి విట్నీ జిన్ అమెరికాలో పత్తి సాగును పెంచి, దాంతోపాటు బానిసత్వాన్నీ పెంచింది. 1820ల్లో అక్కడి లోవెల్ బట్టల మిల్లులు పల్లె యువతులను వసతి గృహాలకు రప్పించి గంట కొట్టి పనిచేయించాయి. నంద్యాలలో అలాంటి మిల్లు పట్టణం పుట్టలేదు. జిన్నింగ్ ఒక సీజన్ పని. అది ముగిస్తే కూలీ మళ్లీ పొలానికే.

తర్వాతి పరిశ్రమలూ చాలావరకు పొలాన్నీ నేలనూ అంటిపెట్టుకున్నవే: సున్నపురాయి మీద పాణ్యం సిమెంట్, చెరకు మీద చక్కెర, సేద్యపు నీటి మీద పారిశ్రామికవేత్త ఎస్పీవై రెడ్డి 1984లో మొదలుపెట్టిన పీవీసీ పైపులు.

ఆళ్లగడ్డ కథ వేరు. అహోబిలం దారిలోని ఈ ఊళ్లో విగ్రహాలు చెక్కడం విశ్వబ్రాహ్మణుల వారసత్వం. దేవతా విగ్రహానికి తాళమానమే కొలత. ముఖం పొడవును ప్రమాణంగా తీసుకుని మిగతా అవయవాలు లెక్కగడతారు. నాయకుడి విగ్రహానికైతే ఫొటో చాలు. కోత మిషను, గ్రైండరు వచ్చాక అదనపు రాయిని తొలగించే మోటు పని వేగం పుంజుకుంది. కనురెప్ప, పెదవి, నగల చెక్కుడు మాత్రం ఉలి దగ్గరే ఆగాయి. దూదేకుల విల్లును యంత్రం పూర్తిగా తప్పించగలిగింది, ఎందుకంటే దూదికి రూపం అక్కర్లేదు.

అయితే ఈ వేగానికి మూల్యం ఉంది. చేతి ఉలికి రాయి పెళ్లలుగా రాలుతుంది. గ్రైండరు సన్నని పొడి లేపుతుంది. సిలికా ఉన్న పొడిని ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. రాయిని తడిపి కోస్తే పొడి తగ్గుతుంది. కార్మికుల భద్రత కోసం తెచ్చిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే పనిశాలలో పదిమంది ఉంటేనే వర్తించేలా రూపొందింది. ముగ్గురు నలుగురు పనిచేసే రేకుల కొట్టాలు దాని లెక్కలోకి రాలేదు.