మాకప్ రూమ్, మన ఓటు, ఒక ప్రొఫెసర్

ఈ వారం ఎపిసోడ్‌లో టైం సరిపోక వదిలేసిన ముచ్చట ఇక్కడ రాస్తున్నా.

డిజైన్ థింకింగ్ అంటే కంపెనీల మాట అనుకుంటాం. కానీ దాని మూలాల్లో ఒక రాజనీతి శాస్త్రం పంతులు ఉన్నాడు: హెర్బర్ట్ సైమన్. ఆ సబ్జెక్టులోనే 1943లో చికాగో యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. 1942 నుంచి 1949 దాకా చికాగోలోనే ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అంటే ఇంజినీర్ల కాలేజీలో, రాజనీతి శాస్త్రం చెప్పాడు. అప్పుడు అక్కడ ఆర్కిటెక్చర్ విభాగానికి పెద్ద మీస్ వాన్ డెర్ రో. 1969లో సైమన్ 'ది సైన్సెస్ ఆఫ్ ది ఆర్టిఫిషియల్' రాశాడు. బిల్డింగ్ గీసేవాడొక్కడే కాదు, ఉన్నదాన్ని బాగుచేయడానికి పథకం వేసే అధికారి కూడా డిజైనరే అన్నది అందులో ఒక ముఖ్యమైన మాట.

తర్వాత స్టాన్‌ఫోర్డ్ డి.స్కూల్ వాళ్ళు దీన్ని ఐదు మెట్లు చేసి చెప్పారు. వాడేవాళ్ళ కష్టం తెలుసుకో, అసలు సమస్య తేల్చు, నాలుగు దారులు ఆలోచించు, నమూనా చెయ్, వాడించి చూడు. ఐటీఐ చదివి సైటుకొచ్చిన నాకు చివరి రెండూ కొత్త కాదు. వంద ఫ్లాట్లు కట్టేముందు ఒక మాకప్ రూమ్ చేస్తాం. తలుపు పైపుకు తగిలితే అక్కడే బయటపడుతుంది.

ఇప్పుడు క్లాసులో మన ఓటునే పెట్టి చూడండి. 2010 చట్ట సవరణతో ప్రవాస భారతీయులకు ఓటు హక్కు వచ్చింది. కానీ పాస్‌పోర్టు పట్టుకుని ఊళ్ళో బూత్‌కు స్వయంగా పోవాలె. రెండేళ్ళకోసారి లీవు దొరికే మేస్త్రీని అడిగి రాసిన రూలు కాదది. ప్రాక్సీ ఓటు బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటలేదు, 2019లో మురిగిపోయింది.

పిల్లలు పోస్టల్ ఓటు, ప్రాక్సీ, ఎంబసీలో బూత్ అని మూడు నమూనాలు చేస్తారనుకోండి. అప్పుడు అసలు ప్రశ్నలొస్తాయి. ఒక రూంలో పదిమంది ఉండే క్యాంపులో ఓటు రహస్యం ఎట్లా? ప్రాక్సీ మన మాట ప్రకారమే వేస్తాడని నమ్మకమేంది?

ఒక్క తేడా మాత్రం మరవొద్దు. తలుపు తప్పుంటే అందరూ ఒప్పుకుంటారు. ఓటు రూలు మారితే ఒకడికి లాభం, ఇంకొకడికి నష్టం. ఐదు మెట్లు ఆ కొట్లాటను తీర్చవు. కానీ ఎవరిని అడగకుండా రూలు రాశారో పిల్లలకు కనిపిస్తుంది.

మీ క్యాంపులో ఎంతమంది ఓటరుగా నమోదయ్యారో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా.